ఆంగ్లంలో మనోభావాల మాటలు – అర్థభేదాలు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాల సందర్భంగా తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



బరంపురంలో పెరిగే తెలుగు పిల్లవాని దినచర్యలో నాలుగు భాషలు కలుస్తాయి. తల్లి నిద్ర లేపేది తెలుగులో, అంగడిలో బేరం ఒడియాలో, పెదవుల మీద పాట హిందీలో, ఉద్యోగానికి దరఖాస్తు ఆంగ్లంలో. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేవరకు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇన్ని భాషల నడుమ బ్రతకడం ఇక్కడి తెలుగువారికి తరతరాల అలవాటు. అయినా తల్లిదండ్రుల నుండి తరచుగా వినవచ్చే ఆవేదన ఒకటి ఉంది. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డ ఆంగ్లంలో ఆవును గురించి వ్యాసం వ్రాయగలడు, సెలవు చీటీ వ్రాయగలడు, కాని తన మనసులో ఏమున్నదో చెప్పవలసి వచ్చినప్పుడు నోరు పెగలదు, పెగిలినా మాట తప్పుతుంది అని. ఆ నింద నేరుగా మాధ్యమం మీద పడుతుంది.

నిజానికి ఆ నింద పడవలసిన చోటు వేరే ఉంది. పాఠం చివర కఠిన పదాల పట్టిక ఉంటుంది. ఎడమ ప్రక్క ఆంగ్ల పదం, కుడి ప్రక్క తెలుగు పదం, మధ్య సమానపు గుర్తు. టేబుల్ అంటే బల్ల, రివర్ అంటే నది అనేంతవరకు ఆ గుర్తు చక్కగా పనిచేస్తుంది. వస్తువు కంటికి కనబడుతుంది గనుక పేరు ఏదైనా ఇబ్బంది లేదు. కాని యాంగర్ అంటే కోపం, ఎనాయెన్స్ అంటే కోపం, ఇండిగ్నేషన్ అంటే కోపం అని వరుసగా వ్రాసుకున్న పిల్లవానికి మూడు మాటలు వచ్చినట్లు కాదు, ఒక్క మాటకు మూడు వర్ణక్రమాలు వచ్చినట్లు. ఇది మాధ్యమపు లోపం కాదు, పట్టికలోని లోపం. ఆంగ్ల మాధ్యమంలో చదివినవారు కూడా ఈ తప్పులు చేస్తూనే ఉన్నారు. పైగా వారికి ఆ తప్పును సరిదిద్దుకొనే తెలుగు మాటలు కూడా అందుబాటులో ఉండవు.

ముందుగా రెండు భాషల స్వభావాన్ని గమనించాలి. తెలుగులో మనోభావం బయటినుండి వచ్చే అతిథి వంటిది. కోపం వస్తుంది. భయం వేస్తుంది. జాలి కలుగుతుంది. విసుగు పుడుతుంది. దుఃఖం పొంగుతుంది. మనిషి అక్కడే ఉంటాడు, భావం అతని దగ్గరకు వస్తుంది, పోతుంది. అందుకే ‘నాకు’ అంటారు. ఒడియాలో సైతం ఇదే పద్ధతి. ‘మోతె డర లాగుఛి’ అంటే ‘నాకు భయం వేస్తోంది’ అన్నదానికి అచ్చంగా సరిపోతుంది. ఆంగ్లంలో వాక్యం అలా నడవదు. ‘ఐ యామ్ యాంగ్రీ’ అన్నప్పుడు కోపం వచ్చిన అతిథి కాదు, ఆ క్షణాన ఆ మనిషి స్థితే అది. కాబట్టి ఆంగ్లం ఆ స్థితిలో ఉన్నవాడు ఎవరు, అతడు ఎవరివైపు చూస్తున్నాడు, తప్పు ఎవరిది అనే విషయాలను మాటలోనే ఇమిడ్చి చెప్పాలని చూస్తుంది. దగ్గర దగ్గరగా కనబడే ఆంగ్ల పదాల మధ్య భేదం చాలావరకు ఈ మూడు ప్రశ్నలలోనే ఉంది. భావం ఎంత తీవ్రమైనది అన్నది రెండో విషయం. సాధారణంగా బోధనలో తీవ్రత ఒక్కటే చెబుతారు. కొంచెం కోపమైతే ఎనాయ్డ్, ఎక్కువైతే యాంగ్రీ, మరీ ఎక్కువైతే ఫ్యూరియస్ అని నిచ్చెన వేసి చూపుతారు. నిచ్చెన అబద్ధం కాదు, కాని అది ఎక్కువ దూరం తీసుకుపోదు.

అన్నిటికన్న ఎక్కువగా వాడబడేది, అన్నిటికన్న తక్కువగా అర్థమయ్యేది ‘సారీ’ అనే మాట. ఈ దేశంలో అక్షరం ముక్క రానివారు సైతం కాలు తగిలితే సారీ అంటారు. పట్టికలో దానికి ఎదురుగా ‘క్షమించండి’ అని ఉంటుంది. దానికి పెద్ద రూపం ఏదని అడిగితే అపాలజీ అని చెబుతారు. ఈ రెండు మెట్లూ ఎక్కిన విద్యార్థి, తాతగారు పోయిన స్నేహితునికి ఉత్తరం వ్రాస్తూ ‘ఐ అపాలజైజ్ ఫర్ యువర్ గ్రాండ్‌ఫాదర్స్ డెత్’ అని వ్రాస్తే, చదివినవారికి ఆ పెద్దాయన మరణానికి కారకుడు ఈ కుర్రవాడేనని అర్థమవుతుంది. ‘ఐ యామ్ సారీ’ అని ఉంటే సరిపోయేది. ఎందుకంటే సారీ అనే మాటకు మూలార్థం నొచ్చుకోవడమే. సొంత తప్పుకు నొచ్చుకుంటే అది క్షమాపణ అవుతుంది, ఎదుటివారి కష్టానికి నొచ్చుకుంటే పరామర్శ అవుతుంది. అపాలజీ అలా కాదు. ‘తప్పు నాది’ అని ఒప్పుకోకుండా ఆ మాట పలకడానికి వీలులేదు.

రిగ్రెట్ అనేది మూడో మాట. బరంపురం స్టేషనులో హౌరా–చెన్నై మార్గపు బండి ఆలస్యమైనప్పుడు వినబడే ప్రకటన అందరికీ పరిచితమే. కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని తెలుగు స్టేషన్లలోనూ అంటారు. అక్కడ ఆంగ్లంలో వాడేది రిగ్రెట్ మాటే. ‘క్షమించండి’ అని రైల్వేవారు అనకపోవడాన్ని ఎవరూ పట్టించుకోరు, కాని ఆ ఎంపిక యాదృచ్ఛికం కాదు. రిగ్రెట్ అంటే జరిగినది జరగకుండా ఉంటే బాగుండేదన్న చింత. అందులో తప్పు తనదనీ లేదు, తనది కాదనీ లేదు. అధికార భాషకు అంతకంటె సుఖమైన ఆసనం మరొకటి దొరకదు.

ఈ భేదం పరీక్షలో ఒక మార్కుకు సంబంధించినది మాత్రమే అనుకుంటే పొరపాటు. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లోని జలియన్‌వాలా బాగ్‌లో జరిగిన మారణకాండ ఈ దేశంలో ప్రతి బడిపిల్లకూ తెలుసు. దానికి నూరేళ్ళు నిండనుండగా, 2019 ఏప్రిల్ 10న బ్రిటిష్ పార్లమెంటులో ప్రధానమంత్రి థెరెసా మే ప్రకటన చేశారు. ఆ ఘటన సిగ్గుచేటని అన్నారు, జరిగినదానికి గాఢంగా రిగ్రెట్ పడుతున్నామన్నారు. అపాలజీ అనే మాటకు మాత్రం చోటివ్వలేదు. ప్రతిపక్ష నాయకుడు జెరెమీ కోర్బిన్ ఆ రోజున అడిగింది సరిగ్గా ఆ మాటనే. తెలుగులో రెండింటినీ ‘విచారం వ్యక్తం చేశారు’ అని వ్రాసే అలవాటు ఉన్నందున, భేదం తెలియని పాఠకునికి వివాదమే అర్థం కాదు. ఆమె చెప్పింది కదా, ఇంకేమి కావాలి అనిపిస్తుంది. కావలసింది ఒక్క మాట. ఆ మాటలో ఉన్నది బాధ్యత.

ఇంకొక దేశపు అనుభవం దీనికి ఎదురుగా నిలుస్తుంది. ఆస్ట్రేలియాలో ఆదివాసుల బిడ్డలను ప్రభుత్వమే తల్లుల ఒడినుండి వేరుచేసి ఆశ్రమాలలోను, శ్వేతజాతివారి ఇళ్ళలోను పెంచిన విధానం దశాబ్దాలపాటు సాగింది. 1999లో అక్కడి పార్లమెంటు ఆమోదించిన తీర్మానంలో రిగ్రెట్ అనే మాటే ఉంది. ఆ తల్లులు, బిడ్డలు దానితో తృప్తి చెందలేదు. 2008 ఫిబ్రవరి 13న ప్రధానమంత్రి కెవిన్ రడ్ సభలో లేచి ప్రభుత్వం తరఫున అపాలజీ చెబుతూ, సారీ అనే చిన్న మాటను మళ్ళీమళ్ళీ పలికినప్పుడు గ్యాలరీలో కూర్చున్న వృద్ధులు కన్నీరు పెట్టుకున్నారు. తప్పు ఒప్పుకొని పలికినందున అక్కడ సారీ పెద్ద మాట అయింది.

అదే మాట మరొకచోట తప్పించుకొనే ద్వారమైంది. 2001 ఏప్రిల్ 1న దక్షిణ చైనా సముద్రం మీద అమెరికా నిఘా విమానం, చైనా యుద్ధవిమానం ఢీకొన్నాయి. చైనా వైమానికుడు ప్రాణాలు కోల్పోయాడు. దెబ్బతిన్న అమెరికా విమానం అనుమతి లేకుండా హైనాన్ దీవిలో దిగింది. అందులోని 24 మంది సిబ్బందిని చైనా నిర్బంధించి, అమెరికా క్షమాపణ చెప్పాలని పట్టుబట్టింది. తప్పు తమది కాదని అమెరికా వాదం. పది రోజులకు పైగా సాగిన రాయబారం చివరకు ఒక ఉత్తరంతో ముగిసింది. అందులో ‘వెరీ సారీ’ అని రెండుసార్లు ఉంది, అపాలజీ అనే మాట లేదు. వైమానికుని కుటుంబానికి కలిగిన నష్టానికి నొచ్చుకున్నామని ఒక పక్షం చదువుకుంది, క్షమాపణ అందిందని రెండో పక్షం తన ప్రజలకు చెప్పుకుంది. 24 మంది ఇళ్ళు చేరారు. ఒకే మాటలో పరామర్శ, క్షమాపణ రెండూ ఇమిడి ఉండడం ఒక్కొక్కప్పుడు ఇంత ఉపకారమూ చేస్తుంది.

ఈ వరుసలోనే ఉన్న రిమోర్స్ గురించి ఒక్క మాట. లాటిన్‌లో దాని మూలానికి మళ్ళీ కొరకడమని అర్థం. తెలుగువారు వాడే పశ్చాత్తాపానికి వెనుకనుండి కాల్చే వేడి అని అర్థం. ఒకరిని కరుస్తుంది, ఒకరిని కాలుస్తుంది, రెండూ చేసిన పనికే.

ఇక సిగ్గు. తెలుగు పిల్లలు ఆంగ్లంలో తప్పటడుగు వేసే చోటు ఇదే. కొత్తవారు ఇంటికి వస్తే చిన్నపిల్ల తలుపు చాటున దాగడం సిగ్గు. నడివీధిలో చెప్పు తెగితే కలిగేదీ సిగ్గే. అబద్ధం బయటపడి తల వంచుకున్నప్పుడు అదీ సిగ్గే. ఆంగ్లంలో మొదటిది షై, రెండవది ఎంబరాస్డ్, మూడవది అషేమ్డ్. వీటిలో మొదటిదానిలో తప్పు లేనేలేదు, అది స్వభావం. రెండవదానిలోనూ తప్పు లేదు, కాని చూసేవారు ఉండాలి. జారిపడినవాడు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తెలుసుకొని లేచి వెళ్ళిపోతే ఎంబరాస్‌మెంట్ అక్కడితో తీరుతుంది. మూడవదానిలో తనను తాను తక్కువగా ఎంచుకోవడం ఉంది. గిల్ట్ అనే నాలుగవది కూడా ఉంది. అది ఫలానా పని చేశానన్న అపరాధభావం, దానికి చూపరులతో పని లేదు, గది తలుపు వేసుకున్నా లోపలికి వస్తుంది.

ఇంటర్వ్యూలో కూర్చున్న అమ్మాయి ‘చిన్నప్పుడు వేదిక మీద మాట్లాడడానికి సిగ్గుపడేదాన్ని’ అని చెప్పదలచి ‘ఐ వాజ్ అషేమ్డ్ టు స్పీక్’ అంటే, ఎదుటివారికి ఆ పిల్ల ఏదో తలవంపులు తెచ్చే పని చేసినట్లు తోస్తుంది. షై అనే మూడక్షరాల మాట ఆ అమ్మాయికి తెలియక కాదు, సిగ్గు అంటే షేమ్ అని ఏడో తరగతిలో వ్రాసుకున్న పట్టిక అడ్డుపడింది. తమాషా ఏమంటే, ఈ భేదాలు తెలుగులో లేకపోలేదు. బిడియం ఉంది, మొహమాటం ఉంది, నామోషీ ఉంది, తలవంపు ఉంది. షై అంటే బిడియం అని చెప్పి ఉంటే చాలు. మొహమాటానికి మాత్రం ఆంగ్లంలో సరియైన మాట లేదు. విందులో మూడోసారి వడ్డిస్తుంటే వద్దనలేక తినేసే మనిషి స్థితిని ఆంగ్లేయునికి వివరించాలంటే పూర్తి వాక్యమే కావాలి. తరగతి గదిలో ‘సిగ్గు లేదూ’ అని పిల్లలను కసిరే అలవాటు ఉపాధ్యాయులలో ఇంకా పూర్తిగా పోలేదు. ఆ ప్రశ్న బిడియాన్ని గురించి అడిగేది కాదు, ఆత్మగౌరవం మీద వేసే దెబ్బ. బిడియస్థుడైన పిల్లవాడు దాన్ని విని మరింత ముడుచుకుపోతాడు.

ఎన్వీ, జెలసీ అనే జంట విషయంలో అమరకోశం ఏనాడో దారి చూపింది. ఎదుటివాని అభివృద్ధిని ఓర్వలేకపోవడం ఈర్ష్య అనీ, గుణాలలో సైతం దోషాలను ఆరోపించడం అసూయ అనీ అందులో వేరుచేసి చెప్పబడింది. కాలక్రమాన తెలుగులో ఈ రెండూ కలిసిపోయి కడుపుమంటగా మిగిలాయి. ఆంగ్లంలోని విభజన వేరు. తనకు లేనిది ఎదుటివానికి ఉన్నందుకు కలిగే బాధ ఎన్వీ. తనకు ఉన్నది ఎవరైనా తన్నుకుపోతారేమోనన్న బాధ జెలసీ. ఎన్వీకి ఇద్దరు మనుషులు చాలు. జెలసీకి ముగ్గురు కావాలి. షేక్స్‌పియర్ నాటకంలో భార్య మనసు పరునిపై పోయిందని నమ్మిన ఒథెల్లోది జెలసీ. తనకు రావలసిన పదవి కేసియోకు దక్కిందని రగిలిన ఇయాగోది ఎన్వీ. ఒకే నాటకంలో ఆ రెండూ ఎదురెదురుగా నడుస్తాయి, ఎన్వీ చేత జెలసీ రగిలించబడుతుంది. నేటి వాడుకలో ఆంగ్లేయులే ఈ గీతను చెరిపేస్తున్నారు, స్నేహితుని కొత్త ఇంటిని చూసి సరదాగా ‘ఐ యామ్ సో జెలస్’ అంటున్నారు. అది సంభాషణలో చెల్లుతుంది.

తల్లిదండ్రులకు ఈ భేదం వ్యాకరణానికన్న ఎక్కువగా పనికివస్తుంది. ఇంట్లో రెండో బిడ్డ పుట్టినప్పుడు నాలుగేళ్ళ పెద్దవాడు ఉయ్యాలను గుద్దుతాడు. ‘వీడికి అసూయ’ అని పెద్దలు నవ్వుతారు, లేదా దండిస్తారు. అది పసిబిడ్డకు ఉన్నదానిపై ఆశ కాదు, తనదైన అమ్మ ఒడి చేజారిపోతోందన్న భయం. అక్కడ కావలసింది మందలింపు కాదు, ఒడి. పక్కింటి పిల్లవాని సైకిలు చూసి ఏడ్చేది ఎన్వీ. దానికి మందు వేరు.

సింపతీ, ఎంపతీ, పిటీ, కంపాషన్ అనే నాలుగు మాటలు ఇటీవల ఉపాధ్యాయ శిక్షణ తరగతులలో విరివిగా దొర్లుతున్నాయి. ఎంపతీ ఆంగ్లంలో పాత మాట కాదు. జర్మన్ భాషలోని ఒక పారిభాషిక పదానికి సమానంగా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టిచనర్ 1909లో దాన్ని ప్రవేశపెట్టాడు. అంతకుముందు ఆ పని కూడా సింపతీయే చేసేది. 1759లో ఆడమ్ స్మిత్ నైతిక భావాల గురించి వ్రాసిన గ్రంథంలో సింపతీ అంటే ఎదుటివాని స్థానంలో తనను ఊహించుకొని అతని భావాన్ని పంచుకోవడమే. ఎంపతీ వచ్చిన తరువాత సింపతీ కొంత వెనుకకు తగ్గింది. ఒడ్డున నిలబడి అయ్యో అనడం సింపతీ అనీ, నీటిలోని మనిషికి ఊపిరి ఎలా ఆడుతుందో గ్రహించడం ఎంపతీ అనీ స్థూలంగా చెప్పవచ్చు. దిగి చెయ్యి అందించాలన్న తహతహ కంపాషన్. పిటీ మాత్రం మెట్టు పైనుండి క్రిందికి చూస్తుంది. ‘ఐ పిటీ యూ’ అని స్నేహితునికి వ్రాస్తే అది ఓదార్పు కాదు, అవమానం. జాలి అనే తెలుగు మాటకు అంత కరకుదనం లేదు, కాని ‘నీ జాలి నాకు అక్కరలేదు’ అనే మాట తెలుగు ఇళ్ళలోనూ వినబడేదే గనుక పిల్లలకు ఇది సులభంగానే తలకెక్కుతుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. గ్రీకు మూలంలో సింపతీకి, లాటిన్ మూలంలో కంపాషన్‌కు ఇంచుమించు ఒకటే అర్థం, కలిసి బాధపడడమని. వాడుక వాటిని విడదీసింది. కనుక వ్యుత్పత్తి చెప్పి అర్థం తేల్చడం ప్రమాదం. రెండవది, ఎంపతీకి తెలుగులో కొందరు సహానుభూతి అని వ్రాస్తున్నారు. హిందీ, ఒడియాలలో అదే మాట సింపతీకి స్థిరపడింది. మూడు భాషల పాఠ్యపుస్తకాలు ఒకే సంచిలో మోసే ఈ ఊరి పిల్లవానికి అది తికమక పెట్టగలదు.

ఒకే మాట సరిహద్దు దాటగానే భావం మారిపోవడానికి ఈ ఊరివారికి వేరే ఉదాహరణలు అక్కరలేదు. తెలుగులో రాగం అంటే సంగీతం, అనురాగం. ఒడియాలో రాగ అంటే కోపం. సంస్కృతంలో దానికి ఎరుపు, ఆసక్తి అనే అర్థాలున్నాయి. ఎరుపు ఒకచోట ప్రేమై, ఇంకొకచోట కోపమై కూర్చుంది. అభిమానం సంగతి ఇంకా విచిత్రం. తెలుగువాడు అభిమానమంటే ఇష్టం, గౌరవం. సినిమా నటునికి అభిమానులుంటారు. ఒడియాలో అభిమాన అంటే బాగా కావలసినవారు నొప్పించినప్పుడు కలిగే మూగకోపం, అర్థం చేసుకొని వారే వచ్చి బుజ్జగించాలన్న ఎదురుచూపు. దానికి తెలుగులో సరియైన మాట అలక. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ కోపగృహంలో చేరింది వట్టి కోపంతో కాదు, కృష్ణుడు వస్తాడన్న నమ్మకంతో. ఆంగ్లంలో సల్కింగ్ అనే మాట ఉంది. ఆ మాటలో మూతి ముడుపు మాత్రమే కనబడుతుంది, ప్రేమ కనబడదు, పైగా కొంత చులకన కూడా ఉంది. అలకకు ఆంగ్లం కన్న ఒడియాయే దగ్గరి చుట్టం.

కోపపు తక్కిన రూపాలలో ఇండిగ్నేషన్‌ను విడిగా నేర్పాలి. ఈగ వ్రాలితే కలిగేది ఇరిటేషన్, చిరాకు. బస్సు రాకపోతే ఎనాయ్డ్, విసుగుతో కూడిన కోపం. 1893లో దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషనులో, మొదటి తరగతి టిక్కెట్టు చేతిలో ఉన్నా గాంధీజీని పెట్టెనుండి దింపివేశారు. ఆ చలిరాత్రి ఆయనలో రేగినదానిని ఎనాయెన్స్ అంటే చరిత్ర చిన్నబోతుంది. న్యాయం తప్పినందుకు కలిగే కోపం ఇండిగ్నేషన్. తెలుగులో ధర్మాగ్రహం అంటే సరిపోతుంది. రిజెంట్‌మెంట్ దీనికి భిన్నం. అది పైకి అనలేక లోలోపల దాచుకొని మళ్ళీమళ్ళీ తలచుకొనే మంట. ఇక బలహీనుడైన పిల్లవాడు ఏమీ చేయలేక పళ్ళు బిగించి ఏడ్చే ఉక్రోషానికి ఆంగ్లంలో ఏ ఒక్క మాటా చాలదు.

భయం విషయంలో భరతుని నాట్యశాస్త్రమే భయాన్ని స్థాయీభావాలు ఎనిమిదింటిలో ఒకటిగా పెట్టి, శంకను, త్రాసాన్ని 33 వ్యభిచారీ భావాలలో వేరుగా చేర్చింది. ఆంగ్లంలోనూ ఎదుట పాము ఉంటే అఫ్రైడ్, పరీక్ష హాలు గుమ్మంలో నెర్వస్, రేపు ఏమవుతుందో తెలియక మెలికలు తిరిగితే యాంగ్జయస్. సంతోషపు మాటలలో ఇంత చిక్కు లేదు. గ్లాడ్ అనేది ఒక వార్తకో సంఘటనకో సంబంధించినది. హ్యాపీ కొంతకాలం నిలిచేది. కంటెంట్ అంటే ఇంకేమీ కోరని తృప్తి.

అర్థం కన్న వ్యాకరణం వలన పుట్టే పొరపాటు ఒకటి ఉంది. ‘బోర్ కొడుతోంది’ అనేది ఇప్పుడు తెలుగు మాటే. అది కూడా తెలుగు పద్ధతిలో బయటినుండి వచ్చి మనిషిని కొడుతుంది. దాన్ని ఆంగ్లంలో చెప్పబోయి ‘ఐ యామ్ బోరింగ్’ అంటే, ‘నేను ఇతరులకు విసుగు పుట్టించే మనిషిని’ అని ఒప్పుకున్నట్లు. విసుగు చెందినవాడు బోర్డ్, విసుగు పుట్టించేది బోరింగ్. ఇంటరెస్టెడ్, ఇంటరెస్టింగ్; ఎక్సైటెడ్, ఎక్సైటింగ్ అన్నిటికీ ఇదే సూత్రం. నెలకొక్కసారి గుర్తు చేస్తే తప్ప ఇది నిలవదు.

చివరగా, తెలుగు నుండి ఆంగ్లానికి దాటలేని ఒక మాట. వేసవి సెలవులకు అమ్మమ్మ ఊరు వెళ్ళివచ్చిన పిల్ల రెండు రోజులు అన్నం తినదు, ఒళ్ళు వెచ్చబడుతుంది. బెంగ పెట్టుకుంది అంటారు. ఆంగ్లంలో ‘షీ మిసెస్ హర్ గ్రాండ్‌మదర్’ అనవచ్చు, అది మనసును మాత్రమే చెబుతుంది. హోమ్‌సిక్ అనవచ్చు, కాని పిల్ల ఉన్నది సొంత ఇంట్లోనే. గ్రీఫ్ అంటే మరీ పెద్దమాట, మరణమో తీరని నష్టమో ఉండాలి. బెంగ ఒంటినీ మనసునూ కలిపి పట్టుకుంటుంది. చదువుకో, కొలువుకో దూరదేశాలు వెళ్ళిన పూర్వ విద్యార్థులకు దీని అర్థం వివరించనక్కరలేదు. వారి పిల్లలకు ఆ మాట తెలుసునా అన్నదే ప్రశ్న. మాట తెలియకపోతే బెంగ రాక మానదు, దాన్ని ఏమని చెప్పాలో తెలియక, కడుపునొప్పి అని చెబుతారు.

ఈ గంజాం సీమలోనే, అప్పటి పర్లాకిమిడి పాఠశాలలో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకోవాలనుకున్నప్పుడు ఆయనకు ఏ నిఘంటువూ లేదు. సవరలు మాట్లాడుకొనే సందర్భాలనుండే ఒక్కొక్క మాటా ఏరుకొని, తరువాతివారికోసం ఆయనే నిఘంటువు కూర్చారు. ఉపాధ్యాయులు చేయవలసింది కూడా అంతే. విద్యార్థి నోటుపుస్తకంలో ఎంబరాస్డ్ అన్న మాటకు ఎదురుగా సమానపు గుర్తు బదులు ‘నడివీధిలో చెప్పు తెగినప్పుడు’ అని ఉండాలి. జెలసీకి ఎదురుగా ‘చెల్లి పుట్టినప్పుడు’ అని ఉండాలి. ఆ వాక్యాలు పిల్లలే తెలుగులో వ్రాయాలి, ఎవరి వాక్యం వారిది. సభలో ఉన్న సహోపాధ్యాయులు వాటిని దిద్దకుండా వదిలిపెడితే మేలు, వర్ణక్రమం తప్ప.

తల్లిదండ్రులు ఇందుకు ఆంగ్లం నేర్వనవసరం లేదు. సాయంత్రం బడినుండి వచ్చిన బిడ్డ సంచి విసిరి ‘కోపం వచ్చింది’ అంటే, ‘కోపమా, ఉక్రోషమా, అలకా’ అని అడగవచ్చు. కాస్త ఆలోచించుకొని జవాబు చెప్పడానికి బిడ్డకు సమయం ఇవ్వాలి.